గ్రేట్ స్లేవ్ సరస్సు ఒడ్డున జూన్‌లో టీ ఆకు కోయొచ్చా?

గోదారోడు: ఉత్తర కెనడాలో యెల్లోనైఫ్ ఊరి దగ్గర, ఈ సరస్సు ఒడ్డున లాబ్రడార్ టీ అనే అడవి పొద ఆకు కోస్తుంటే ఒకావిడ వచ్చి, పక్షులు గుడ్ల మీదున్నాయి, ఇటు రావద్దని గట్టిగా చెప్పింది. నాలుగు ఆకులకు ఇంత గొడవా? ఇక్కడి ఆదివాసులైన డెనే వాళ్లు తరతరాలుగా ఈ ఆకు కాచుకు తాగుతున్నారు కదా.

మంచుకాకి: ఆవిడ బాధ ఆకు గురించి కాదు, మీ కాళ్ల గురించి. లూన్ అనే నీటి పక్షికి కాళ్లు బాగా వెనక్కి ఉంటాయి. ఈతకు భేష్, నేల మీద మాత్రం పొట్టతో పాక్కుంటూ వెళ్లాల్సిందే. అందుకే గూడు సరిగ్గా నీటి అంచున పెడుతుంది. మనల్ని చూసి నీళ్లలోకి జారిందంటే గుడ్లకు కాపలా ఉండదు, సీగల్‌కు పండగ. ఆర్కిటిక్ టెర్న్ అనే తెల్ల పిట్ట అయితే మరీను. గులకరాళ్ల మధ్య చిన్న గుంటలో గుడ్లు పెడుతుంది. మచ్చల గుడ్డేదో, రాయేదో తొక్కితే గానీ తెలీదు. ఈ గూళ్ల జోలికి పోకూడదని ఇక్కడ చట్టమే ఉంది.

గోదారోడు: ఓహో, తెల్ల పిట్ట ఒకటి నెత్తి మీదికి దూకింది, అందుకేనన్నమాట! సరే, ఒడ్డు దిగను. అసలు కోయనే కూడదంటే మాత్రం ఒప్పుకోను.

వేపచెట్టు: ఆ ఆకు కోసం ఒడ్డు దాకా ఎందుకండీ? స్ప్రూస్ చెట్ల కింద తడి నాచు నేలలో కావలసినంత ఉంటుంది. చలికాలంలోనూ ఆకు రాల్చని మొక్క, ఆగస్టు చివర్లో కోసుకున్నా పోయేదేం లేదు. నా టెన్షన్ వేరే. ఆకు తిప్పి చూశారా? అడుగున తుప్పు రంగు నూగు దట్టంగా ఉండి, అంచులు లోపలికి ముడుచుకుని ఉండాలి. అడుగు తెల్లగా ఉంటే బాగ్ లారెల్ కావచ్చు, బాగ్ రోజ్‌మేరీ కావచ్చు. రెండూ విషమే, బీపీ పడిపోతుంది. లేత ఆకు నూగు కూడా తెల్లగా ఉండొచ్చు కాబట్టి ముదురు ఆకే చూడాలి. అసలుదైనా మన చాయ్‌లా మరగబెట్టకూడదు. వేడి నీళ్లలో కాసేపు వేసి తీసేయాలి.

మంచుకాకి: ఆకు గుర్తుపట్టడం నేర్పితే మంచిదే. మరి జనం సంగతి? ఒకరు వాట్సాప్‌లో లొకేషన్ పెడితే వచ్చే వారం పది కార్లు దిగుతాయి. ఆ చలిలో పొద మళ్లీ చిగురేయడానికి ఏళ్లు పడుతుంది. డెనే పెద్దలకు ఎక్కడ ఎంత కోయాలో తెలుసు, మనకు తెలీదు. వాళ్ల పేరు చెప్పి మనం కోసుకోవడం నాకు నచ్చదు.

వేపచెట్టు: అలాగని వద్దనడం కూడా సబబు కాదు. వాళ్లనే అడిగి, వెంట వెళ్లి నేర్చుకోవచ్చుగా. పొదకు రెండు మూడు ఆకులు చాలు.

గోదారోడు: లొకేషన్ పెట్టను, ఒట్టు. నాచు నేలంటున్నారు, అక్కడి దోమలకు ఏం రాసుకెళ్లాలో కూడా చెప్పండి.