కాంట్రాక్టు అయిపోతే అమెరికా రీజనల్ ఎయిర్‌లైన్స్ నిలబడతదా?

ప్రశ్న (పాలమూరు): ఒక్క పెద్ద ఎయిర్‌లైన్స్ కంపెనీకే, దాని పేరు మీద చిన్న విమానాలు నడిపే రీజనల్ ఎయిర్‌లైన్స్ కాంట్రాక్టు ముగిస్తే ఏమైతది? పనిచేసేటోళ్లు ఏం చూసుకోవాలె?

జవాబు (నల్లగొండ): మన ఆర్టీసీ అద్దె బస్సు లెక్కనే అన్నా. అండ్ల ఓనర్‌కు కిలోమీటరుకింత, ఇండ్ల ఎగిరిన గంటకింత. టికెట్లు అమ్మేది, ఇంధనం ఖర్చు భరించేది పెద్ద కంపెనీయే. కాంట్రాక్టు పోయిన్నాడు సొంత ప్రయాణికులే ఉండరు, అసలు దెబ్బ అదే. ఎక్స్‌ప్రెస్‌జెట్ అనే రీజనల్ ఎయిర్‌లైన్స్‌నే చూడుండ్రి: 2020ల పెద్ద కంపెనీ యునైటెడ్ దాని పనిని కమ్యూట్‌ఎయిర్ అనే ఇంకో రీజనల్ ఎయిర్‌లైన్స్‌కిచ్చింది, సెప్టెంబర్ 30న ఎక్స్‌ప్రెస్‌జెట్ విమానాలు ఆగినయి. 2021ల ‘ఆహా!’ పేరుతో సొంతంగా మొదలుపెట్టి, 2022 ఆగస్టుల దివాలా తీసింది.

జవాబు (సూర్యాపేట): ముందుగాల విమానాలు ఎవరి పేరు మీదున్నయో చూడాలె. పెద్ద కంపెనీవైతే కాంట్రాక్టుతోనే పోతయి. సొంతవైతే 76 సీట్లవాటికి గిరాకీ ఉంటది, 50 సీట్లవాటికి కష్టం. పైలట్లు ఆలస్యం చేయొద్దు, కొత్త కంపెనీల సీనియారిటీ మళ్ల అడుగు నుంచే.

ప్రశ్న అడిగినవారు: విమానాలు లీజువే అన్నా, అన్నీ 50 సీట్లవి. ఇప్పటి సంది వేరేచోట అప్లై చేయమంట.