బ్లూస్ లైవ్ రికార్డింగుల్లో తర్వాత ఏం వినాలి?

అందరికీ నమస్తే. మూడు నెలలుగా బ్లూస్ (అమెరికా నల్లజాతివారి సంగీతం) వదలకుండా వింటున్నాను. బాగా తెలిసినవాళ్ల సాయం కావాలి.

1964 నవంబరులో షికాగోలోని రీగల్ థియేటర్‌లో బి.బి. కింగ్ ఇచ్చిన కచేరీ రికార్డింగ్‌తో మొదలుపెట్టాను. ఆయన ఒక లైన్ పాడి ఆగుతారు, మిగతాది గిటార్ చెబుతుంది. ఆ మధ్యలో జనం వేసే కేకలు కూడా పాటలో భాగమే అనిపిస్తుంది. స్టూడియోలో చేసిన పాటలు విన్నాను కానీ నాకు అంత పట్టలేదు. తర్వాత 1960లో అమెరికాలోని న్యూపోర్ట్ సంగీత ఉత్సవంలో గాయకుడు మడ్డీ వాటర్స్ చేసిన కచేరీ రికార్డింగ్ విన్నాను. ఓటిస్ స్పాన్ పియానో, జేమ్స్ కాటన్ మౌత్ ఆర్గాన్ ఒకదాన్నొకటి తరుముతుంటే కుర్చీలో కూర్చోలేకపోయాను.

ఇలా శ్రోతల స్పందన గట్టిగా వినిపించే రికార్డింగులు ఇంకేం ఉన్నాయి? 1970లో కుక్ కౌంటీ జైల్లో బి.బి. కింగ్ చేసిన కచేరీ నా జాబితాలో ఉంది. హౌలిన్ వుల్ఫ్, బడ్డీ గై అనే బ్లూస్ కళాకారుల విషయంలో మాత్రం ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. సన్ హౌస్ లాగా ఒంటరిగా గిటార్‌తో పాడేవాళ్ల వీడియోలు ఉంటే అవీ చెప్పండి.

ఇంకో ప్రశ్న. నేను ఏడాదిగా గిటార్ నేర్చుకుంటున్నాను. బి.బి. కింగ్ ఎడమచేతి వేలితో తీగను వణికించే పద్ధతి నాకు రావడం లేదు, స్వరం బిగుసుకుపోతోంది. బొటనవేలిని గిటార్ మెడ మీద ఉంచాలా, వదిలేయాలా? కదలిక వేలి నుంచి రావాలా, మణికట్టు నుంచా? వాయించేవాళ్లు దయచేసి వివరంగా చెప్పండి.