గర్భసంచితో పాటు అండాశయాలూ తీయించాలా? టాప్ సర్జరీ (ఛాతీ ఆపరేషన్)తో కలిపా, తర్వాతా?

పాలేరు24: అన్నలూ, నేను ట్రాన్స్‌మ్యాన్‌ని (పుట్టినప్పుడు ఆడపిల్ల అన్నారు, నేను మగాణ్ణి), నాకు 24. టి (టెస్టోస్టెరాన్, మగ హార్మోన్) మొదలుపెట్టి 14 నెలలు. పీరియడ్స్ ఆగాయి కానీ నెలకోసారి పొత్తికడుపులో మెలిపెట్టినట్టు నొప్పి. హైదరాబాద్‌లో డాక్టరు గారు టాప్ సర్జరీతో పాటే గర్భసంచి, రెండు అండాశయాలూ తీసేద్దాం, ఒకే మత్తులో అయిపోతుంది అంటున్నారు. సరేననాలా? అండాశయాలు ఉంచుకుంటే తప్పా?

కృష్ణలంక: మొత్తం తీయించెయ్ తమ్ముడూ. నేను 2021లో చేయించుకున్నా. ల్యాప్రోస్కోపీ, పొట్ట మీద నాలుగు చిన్న గాట్లు, మూడో రోజు ఇంటికొచ్చేశా. ఒకే సెలవు, ఒకే ఖర్చు. అండాశయం ఉంచుకుంటే దానికేదైనా తేడా వచ్చినప్పుడు మళ్లీ గర్భిణుల మధ్య కూర్చుని, నర్సు పాత పేరుతో పిలిస్తే లేవాలి. నాకది ఇక వద్దు.

మానుకోట: జర ఆగు తమ్మీ. గర్భసంచి వేరు, అండాశయాలు వేరు. రెండు అండాశయాలూ పోతే బతికినంత కాలం హార్మోన్ బయటినుంచే రావాలె. టి ఆగిందంటే ఎముకలు గుల్లబారుతయి. 2020 లాక్‌డౌన్‌ల మాకు రెండు నెలలు ఇంజెక్షన్ దొరకలేదు. నాకు ఒక అండాశయం ఉంచిన్రు కాబట్టి తట్టుకున్న.

సిరా: నాకూ ఇదే సందేహం. చూస్తున్నా.

కృష్ణలంక: ఎప్పుడో ఒకసారి వచ్చిన లాక్‌డౌన్ కోసం జన్మంతా మోయాలా? ఇంజెక్షన్ లేకపోతే జెల్ ఉంది.

మానుకోట: జెల్ ఖరీదు మీకు తెల్వదా అన్నా? మా దగ్గర మెడికల్ షాపుల ఇంజెక్షన్ అడిగితేనే ఎవరికి, ఎందుకు అంటరు.

నైట్‌డ్యూటీ: స్టాఫ్ నర్సుని, ట్రాన్స్‌మ్యాన్‌నే. 2022 డబ్ల్యూపాత్ (ట్రాన్స్‌జెండర్ ఆరోగ్యంపై అంతర్జాతీయ వైద్యుల సంఘం) ప్రమాణాల ప్రకారం హార్మోన్ తీసుకునేవాళ్లకి అండాశయాలు తీసేముందు కనీసం ఆరు నెలలు అయ్యుండాలి. నీకది దాటింది. కానీ దాటింది కాబట్టి ఇప్పుడే తీయాలని ఎక్కడా లేదు. టి వల్ల క్యాన్సర్ వస్తుందని భయపెట్టి తీయిస్తుంటారు, దానికి గట్టి ఆధారం లేదు. గర్భాశయ ముఖద్వారం ఉంచితే స్మియర్ పరీక్ష (ముఖద్వార క్యాన్సర్ కోసం చేసేది) తప్పదు, అది కూడా అడుగు. టాప్, గర్భసంచి రెండూ ఒకేసారి చేయించుకుంటే మంచం మీంచి లేవడానికి చేతులు ఆనించలేవు, పొట్ట బిగించలేవు. పక్కన మనిషి కావాలి. ఆరు నుంచి ఎనిమిది వారాలు నీళ్ల బిందె ముట్టుకోకూడదు. ముందుముందు పిల్లల కోసం అండాలు దాచుకోవాలంటే అండాశయాలు తీయకముందే. 2021 ఏఆర్‌టీ (ఐవీఎఫ్ లాంటి సంతాన చికిత్సల) చట్టంలో దంపతులు, మహిళ అనే ఉంది, మన ఊసు లేదు.

కృష్ణలంక: పిల్లల సంగతి ఇక్కడెవరు అడిగారు? ఆ మాటతోనే మా ఇంట్లో నన్ను ఆరేళ్లు ఆపారు.

సిరా: ఆయుష్మాన్ టీజీ ప్లస్ (ట్రాన్స్‌జెండర్లకి కేంద్రం ఆరోగ్య బీమా) కార్డు ఎవరికైనా పనిచేసిందా?

మానుకోట: అన్నా, మీరు చేయించుకున్నరని అందరూ అట్లనే చేయించుకోవాల్నా? పిలగాన్ని తొందరపెట్టకున్రి.

కృష్ణలంక: నేను చేయించుకోలేదు, నాకు చేశారు! ఉంచాలా తీయాలా అని ఒక్కరూ అడగలేదు. రెండూ తీస్తేనే మగ అని సర్టిఫికెట్‌కి కాగితం రాసిస్తాం అన్నారు. తల ఊపా. ఇప్పుడు నువ్వొచ్చి ఒకటి ఉంచుకోవచ్చు అంటుంటే, మరి నాకు జరిగిందేంటి?

మానుకోట: మీకు చేసినప్పుడు 2019 ట్రాన్స్‌జెండర్ చట్టంల సర్జరీ అనే ఉండె అన్నా, ఫలానా అవయవం తీయాలని లేకుండె. మీకు అబద్ధం చెప్పిన్రు. నా సంగతి కూడ చెప్త. తెల్లబట్ట అని పోతే మా అమ్మకు 31 ఏళ్లకే గర్భసంచి, అండాశయాలు అన్నీ తీసిన్రు. ఆమెనూ అడగలేదు. ఇప్పుడు 52. బస్సెక్కాలంటే రెండు చేతులతోని కడ్డీ పట్టుకొని, ఒక కాలు మెట్టు మీద పెట్టి, రెండో కాలు లేపేముందు ఆగుతది. వెనకున్నోళ్లు తోస్తరు. 2015-16 కుటుంబ ఆరోగ్య సర్వేల 15-49 ఏళ్ల ఆడోళ్లల్ల గర్భసంచి తీయించుకున్నోళ్లు దేశంల 3.2 శాతమైతే ఆంధ్రాల 8.9, తెలంగాణల 7.7. మన దిక్కు కోసుడు అంత అలవాటైంది.

కృష్ణలంక: మీ అమ్మకి హార్మోన్ ఇవ్వలేదు, నేను తీసుకుంటున్నా. ఆవిడకి జరిగింది అన్యాయమే. కానీ నన్ను ఆ లెక్కలో కలపకు. అది ఆడవాళ్ల కథ. నేను మగాణ్ణి, నాకది తీసేయాల్సిందే.

మానుకోట: మీరు మగోళ్లు కాదని నేననలేదు. సంతకం దగ్గర మీకూ అమ్మకూ ఒక్కటే అయింది అంటున్న.

నైట్‌డ్యూటీ: తమ్ముడూ, ముందుముందు కింది సర్జరీ (జననాంగాల ఆపరేషన్) ఆలోచన ఉంటే ఇప్పుడే డాక్టరుకి చెప్పు. యోని తీసే పని ఉంటే గర్భసంచి ముందైనా, దాంతో పాటైనా పోవాలి. పొత్తికడుపు చర్మంతో పురుషాంగం చేసే పద్ధతైతే పొట్ట మీద అడ్డకోత పనికిరాదు.

పాలేరు24: అన్నీ చదివాను. రేపు వెళ్తున్నా. ముందు టాప్ ఒక్కటే చేయమంటాను. నొప్పి ఎందుకొస్తోందో స్కానింగ్ చూశాక గర్భసంచి సంగతి. అండాశయాల గురించి ఇంకా తేల్చుకోలేదు.

కృష్ణలంక: నేనైతే ఇప్పటికీ రెండూ తీయించమనే అంటా. ఒప్పుకోలు కాగితం మాత్రం తెలుగులో అడుగు, గర్భసంచికి ఒక గీత, అండాశయాలకి ఇంకో గీత విడిగా ఉండాలి. నాది ఇంగ్లిష్‌లో ఉంది. స్ట్రెచర్ మీద పడుకోబెట్టాక పెన్ను ఇచ్చారు.