మహేంద్రగిరి, దేవమాలి వెళ్తున్నాం: పిల్లలకి, అమ్మకి ఏం కొనాలి?

పర్లాకిమిడి నాన్న:
అందరికీ నమస్కారం. డిసెంబరు మొదటి వారంలో ఇంటిల్లిపాదీ బయల్దేరుతున్నాం. అన్నీ ఒడిశాలోవే: ముందు మహేంద్రగిరి కొండ, తర్వాత కొరాపుట్‌లో 2 రాత్రులు ఉండి దేవమాలి కొండ, గుప్తేశ్వర్ గుహ గుడి. మేమిద్దరం, పాపకి 9 ఏళ్లు, బాబుకి 4, మా అమ్మకి 64. అమ్మకి మోకాళ్ల నొప్పులున్నాయి. కానీ మహేంద్రగిరి మీద కుంతి గుడి చూడాలని ఎన్నేళ్ల నుంచో అడుగుతోంది. దాదాపు పైదాకా బండి వెళ్తుంది గానీ చివర్లో నడక తప్పదట. చేతిలో 10,000 ఉన్నాయి. ఆన్‌లైన్‌లో చూస్తే టెంటు, స్లీపింగ్ బ్యాగు, మడత స్టవ్వు, ఇలా అంతు లేదు. దేనికి డబ్బు పెట్టాలి, దేనికి ఇంట్లోది సరిపోతుంది? వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి.

రాయగడ రైల్వే:
తమ్ముడూ, రాత్రి గదిలో పడుకునేవాళ్లకి టెంటు, స్టవ్వు దేనికి? ఆ డబ్బంతా కాళ్లకి పెట్టు. బూట్లు ఇంట్లో ఉన్నాయిగదా అనుకుంటే మాత్రం ఒక్కసారి వాటిని బయటికి తీసి చూడు. నాకు జరిగింది చెప్తాను. ఐదేళ్ల కిందట కొన్న బూట్లు, రెండుసార్లే వేసుకుని డబ్బాలో పెట్టి అటక ఎక్కించాను. చూడ్డానికి కొత్తవే. దేవమాలి మీద గంట నడిచానో లేదో, కుడికాలి బూటు సోలు ముందు నుంచి నోరు తెరిచింది. కూర్చుని వేలు పెట్టి చూస్తే లోపలి మెత్తటి పొర తడిసిన బిస్కట్టులా రాలిపోతోంది. ఇంకో పది నిమిషాలకి ఎడమదీ అంతే. బ్యాగు తాడు కోసి రెండింటికీ అడ్డంగా కట్టుకుని, ఒక్కో అడుగూ చూసుకుంటూ దిగాను. అప్పటికి మా అబ్బాయి నా భుజాల మీద ఉన్నాడు. వాడితో సహా పడి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

తర్వాత తెలిసింది, చాలా బూట్లలో ఆ మధ్య పొర పాలీయురేథేన్‌తో చేస్తారు. అది గాలిలో తేమ పీల్చి ఏళ్ల మీద లోలోపలే విరిగిపోతుంది. వాడకుండా దాచినా అంతే. మన వైపు వానాకాలం తేమ సంగతి తెలిసిందే. కాబట్టి పాత బూట్లని బయల్దేరే ముందు వారం రోజులు ఊళ్లోనే వేసుకుని తిరగండి. బొటనవేలితో సోలు పక్కన గట్టిగా నొక్కి చూడండి. గీతలు పడినా, పొడి రాలినా అవి కొండకి పనికిరావు.

గుణుపురం టీచరమ్మ:
అన్నయ్య చెప్పింది నిజం. పిల్లల బూట్ల గురించి నేను చెప్తాను. మా పాపకి మొదటిసారి సరిగ్గా పాదానికి అతుక్కునే సైజు కొన్నాం. ఎక్కేటప్పుడు ఏమీ అనలేదు. దిగేటప్పుడు పాదం ముందుకి జారి వేళ్లు బూటు ముక్కుకి కొట్టుకుంటాయి, అప్పుడు మొదలైంది ఏడుపు. ఇంటికొచ్చి మేజోళ్లు తీస్తే బొటనవేలి గోరు నల్లబడింది. నెల తిరక్కుండా ఊడిపోయింది.

అప్పట్నుంచి ఇలా చేస్తున్నాం. కొట్టుకి సాయంత్రం వెళ్తాం, ఎందుకంటే రోజంతా నడిచాక పాదం కాస్త ఉబ్బుతుంది. కొండ మీద వేసుకునే మందపాటి మేజోళ్లు పట్టుకెళ్తాం. పాదం ముందుకి తోస్తే మడమ వెనక ఒక వేలు దూరాలి. కొట్టు మెట్లు ఉంటే పైనుంచి కిందకి నాలుగుసార్లు దింపుతాం. వేళ్లు ముందు తగిలాయా, ఆ జత వద్దు. బయల్దేరే ముందురోజు అందరి కాలిగోళ్లూ కత్తిరించండి, అదీ సామాను సర్దుకోవడంలో భాగమే.

పిల్లల బూట్లు ఏడాది తిరిగేసరికి చిన్నవైపోతాయి. ఖరీదైనవి వద్దు. అడుగున పళ్లు లోతుగా ఉండి, మడమ దగ్గర గట్టిగా ఉంటే మామూలు స్పోర్ట్స్ షూ చాలు. తెలిసినవాళ్ల పిల్లలవి ఉంటే అడిగి తీసుకోండి. ఇంకొకటి, గుడి దగ్గర బూట్లు విప్పాలి. అమ్మగారు వంగి లేసు కట్టుకోలేరు. వెనక పట్టీ ఉండి వెల్‌క్రోతో బిగించుకునే శాండల్ ఆవిడకి మేలు.

బరంపురం కుర్రోడు:
అక్కా, బూట్ల విషయంలో మీతో ఏకీభవిస్తాను. కానీ రెండు వస్తువులు మాత్రం కొనాల్సిందే అంటాను. ఒకటి, నుదుటికి కట్టుకునే లైటు. ఫోన్ లైటు చేతిలో పట్టుకుంటే బాబుని ఎవరు ఎత్తుకుంటారు? డిసెంబరులో చీకటి తొందరగా పడుతుంది. నడకదారిలో సిగ్నల్ దొరక్క ఫోన్ వెతుక్కుంటూ బ్యాటరీ కూడా ఊడ్చేస్తుంది. కొండెక్కగానే ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి, మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. రెండోది, అమ్మగారికి ట్రెకింగ్ కర్ర. దిగేటప్పుడు మోకాలి మీద పడే బరువు కొంత చేతులకి వెళ్తుంది.

అన్నా, ఒంటికి కాటన్ బనీను వద్దు. ఎక్కేటప్పుడు చెమటకి తడుస్తుంది, పైన గాలికి ఆరదు, వణుకు పుడుతుంది. పాలిస్టర్ ఆటల టీషర్టు చాలు.

సెమిలిగుడ అమ్మమ్మ:
నాన్నా, మీ అమ్మ ఈడుదాన్నే నేను. మోకాళ్లు నావీ అంతే. కర్ర మంచిదే గానీ ఇనప ములుకుతో ఉన్నది రాయి మీద జారుతుంది, రబ్బరు బిరడా తొడిగింది తీసుకో. లేదంటే ఎండిన వెదురు కర్ర చాలు. ఎత్తు చూసుకో: కర్ర నేలకి ఆనించి పట్టుకుంటే మోచెయ్యి ఎల్ ఆకారంలో వంగాలి. పొట్టి కర్రయితే నడుం వంగిపోయి ఇంకా నొప్పి.

మీ దిగువనవాళ్లు మా చలిని తక్కువ అంచనా వేసుకుని వస్తారు. ఏటా చూస్తాను, పిల్లల్ని ఒంటి చొక్కాతో తెచ్చి హోటల్లో దుప్పటి కోసం అడుగుతుంటారు. వెయ్యి మీటర్లు ఎక్కితే సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. మహేంద్రగిరి 1501 మీటర్లు, అంటే మీ ఊరికంటే 8, 9 డిగ్రీలు తక్కువ. దేవమాలి 1672, పైగా గడ్డి కొండ, గాలికి అడ్డం ఒక్క చెట్టు ఉండదు. లావు స్వెట్టరు ఒక్కటి కాదు, పలచని స్వెట్టరు, దాని మీద గాలి చొరని జాకెట్టు. చెవులు మూసే టోపీ అందరికీ. స్టీలు ఫ్లాస్కులో వేణ్నీళ్లు. ఇవన్నీ ఇంట్లో ఉండేవే.

కొరాపుట్ నర్సు:
దోమతెర గురించి ఇంకా ఎవరూ రాయలేదు, అందుకే రాస్తున్నాను. కొరాపుట్, రాయగడ, మల్కన్‌గిరి వైపు మలేరియా ఇప్పుడు చాలా తగ్గినా పోలేదు. గిడుగు రామమూర్తి పంతులుగారు మీ పర్లాకిమిడిలో పనిచేస్తూ సవర భాష కోసం ఈ కొండల్లోనే తిరిగారు. మలేరియా పట్టి, క్వినైన్ వాడి వినికిడి పోగొట్టుకున్నారు. గదిలో తెర ఇస్తారులే అనుకోకండి. మడిస్తే చేతిసంచిలో పట్టే తెర ఒకటి కొనండి, అంచులు పరుపు కిందకి దోపండి. నేల మీద పడుకోవాల్సి వస్తే పాము నుంచి కూడా అదే కాపాడుతుంది.

ఇంకోటి స్క్రబ్ టైఫస్ అనే జ్వరం. వానలు పోయాక గడ్డిలో, పొదల్లో కంటికి ఆనని పురుగు కుడితే వస్తుంది. పిల్లలకి పొడుగు ప్యాంటు వేసి, అంచు మేజోళ్లలోకి దోపండి. గడ్డి మీద ఉత్తినే కూర్చోబెట్టకండి, దుప్పటి పరవండి. సాయంత్రం స్నానం చేయించి చంకలు, గజ్జలు, నడుం చూడండి. ఇంటికొచ్చిన మూడు వారాల్లోపు జ్వరం వస్తే డాక్టరుతో కొండకి వెళ్లామని తప్పకుండా చెప్పండి. నల్లటి పక్కు ఏదైనా కనిపిస్తే అదీ చూపించండి. తొందరగా పట్టుకుంటే డాక్సీసైక్లిన్ అనే మందుతో తగ్గుతుంది. మాటవరసకి చెప్పట్లేదు, ఆ మాట చెప్పకపోవడం వల్ల ఆలస్యమైనవాళ్లని వార్డులో చూశాను.

ఓఆర్ఎస్ ప్యాకెట్లు నాలుగు పెట్టుకోండి. పెద్ద ప్యాకెట్టు మొత్తం ఒక లీటరు నీళ్లలో ఒకేసారి కలపాలి. గ్లాసులో కొంచెం కొంచెం కలపకూడదు. అట్టపెట్టె జ్యూసులు దానికి బదులు కావు.

రాయగడ రైల్వే:
అమ్మా, మంచి మాట చెప్పారు. బ్యాగు గురించి ఒక్క ముక్క: నడుంకి బిగించే వెడల్పాటి బెల్టు ఉన్నదే కొను, బరువు భుజాల నుంచి తుంటికి దిగుతుంది. పైన వేసే రెయిన్ కవర్ వీపు వైపు నీళ్లు ఆపదు. లోపలే పెద్ద ప్లాస్టిక్ సంచి పరిచి బట్టలు సర్దితే తడవవు. పాప బ్యాగులో నీళ్లసీసా, టోపీ చాలు. తన బరువులో పదో వంతు మించనివ్వకు.

పర్లాకిమిడి నాన్న:
వెళ్లొచ్చాం. అందరికీ చేతులెత్తి దండం.

నా పాత బూట్లు నొక్కి చూస్తే పక్కన గీతలు పడ్డాయి, పారేశాను. మా అందరి చెప్పులకీ, బూట్లకీ కలిపి 5,800 అయింది. తలలైట్లు రెండు, తెర ఒకటి, అమ్మకి పలచని జాకెట్టు. బ్యాగు బావమరిదిది అడిగి తీసుకున్నాను. 1,400 మిగిలాయి.

మహేంద్రగిరి మీద పొద్దున మబ్బు కమ్మేసింది. అమ్మ వెదురు కర్ర ఆనించి, రెండో చెయ్యి పాప భుజం మీద వేసి, ప్రతి ఇరవై అడుగులకీ ఆగుతూ నడిచింది. కుంతి గుడి రాళ్లు చేత్తో తడిమి చాలాసేపు అక్కడే నిలబడింది. శాండల్ తనే విప్పుకుంది, తనే బిగించుకుంది. దేవమాలి మీద గాలికి బాబు టోపీ రెండుసార్లు ఎగిరింది, గడ్డం కింద తాడు ఉన్నది కొనాల్సింది. వాడు సగం దూరం నా వీపునే ఉన్నాడు. నాలుగేళ్ల పిల్లాడి బరువు లెక్కలో వేసుకోకుండా నేను సామాను ఎక్కువ పట్టుకెళ్లాను, అది నా తప్పు. బట్టలు సగం విప్పకుండానే వెనక్కి వచ్చాయి. తెర మాత్రం రెండు రాత్రులూ కట్టాం. ఇంకా మూడు వారాలు కాలేదు, జ్వరం కోసం కనిపెట్టుకుని ఉన్నాం. ఇప్పటికైతే అందరూ బాగున్నారు.

గుణుపురం టీచరమ్మ:
అమ్మగారు గుడి చూశారంటే కళ్లు చెమర్చాయి. బాబుకి వచ్చే ఏడాది బూట్లు కొనకండి. మా చిన్నోడివి 11 సైజు ఉన్నాయి, సోలు నొక్కి చూశాను, బాగానే ఉంది. సంక్రాంతికి పర్లాకిమిడి వస్తున్నాను, పట్టుకొస్తాను.