ఫోను నిండిపోయింది, నేనూ అలిసిపోయాను. మీరెలా నెట్టుకొస్తున్నారు?

మధురవాడ_కోడలు (మంగళవారం, రాత్రి 11:40)

అందరికీ నమస్కారం. విశాఖలో రుషికొండ మీద ఒక కంపెనీలో చేస్తాను, ఇల్లు మధురవాడ. పోయిన నెల జరిగిన ఒక సంగతి నన్ను వదలడం లేదు. అందుకే రాస్తున్నాను.

మా అత్తయ్యగారికి ఆయాసం వస్తే రాత్రికి రాత్రి ఆసుపత్రికి తీసుకెళ్లాం. "రెండేళ్ల కిందట తీసిన గుండె ఎకో రిపోర్టు ఉందా అమ్మా" అన్నారు డాక్టరుగారు. ఉంది, నా ఫోన్లోనే ఎక్కడో ఉంది. ఆవిడ పక్కనే మంచం మీద ఊపిరి కోసం అవస్థ పడుతున్నారు, నేను గ్యాలరీలో వేలితో తోస్తూనే ఉన్నాను. శుభోదయం బొమ్మలు, పాప హోంవర్కు ఫోటోలు, కరెంటు బిల్లు స్క్రీన్‌షాట్లు, ఎవరి పెళ్లిలోనో ఒకే భోజనాల బంతి పన్నెండు సార్లు. పాతిక నిమిషాలు వెతికినా దొరకలేదు. మళ్లీ ఎకో తీశారు. అత్తయ్యగారు ఇప్పుడు బాగానే ఉన్నారు, దేవుడి దయ.

ఆ రాత్రి ఇంటికొచ్చి లెక్క చూశాను. 22,000 ఫోటోలు, చదవని మెయిళ్లు తొమ్మిది వేల పైన, వాట్సాప్ గ్రూపులు 47. ఒక్కటి కూడా నేను కావాలని పోగేసింది కాదు. ఆఫీసులో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా తెరే, ఇంటికొస్తే మళ్లీ తెరే. పాప స్కూలు కబుర్లు చెప్తుంటే "ఊఁ" కొడతాను, ఏం చెప్పిందో తెలియదు. ఆదివారం బీచ్‌కి వెళ్లి ఇసకలో కూర్చున్నా, గంటసేపయ్యాక చూసుకుంటే ఫోను చేతిలోనే ఉంటోంది. నిద్ర లేచేసరికే అలసట. మీలో ఎవరైనా ఇందులోంచి బయటపడ్డారా? ఏం చేశారో చెప్పండి.

జగదాంబ_మొబైల్_కౌంటర్ (బుధవారం, ఉదయం 10:15)

అమ్మా, జగదాంబ దగ్గర నాది సర్వీసు కౌంటరు. "స్టోరేజ్ ఫుల్" అంటూ రోజూ ఫోన్లు వస్తుంటాయి. విప్పి చూస్తే ఎక్కువ భాగం వాట్సాప్ నుంచి వచ్చిన వీడియోలే. ముందు కుళాయి కట్టాలి, తరవాతే తొట్టి ఖాళీ చెయ్యాలి. వాట్సాప్ సెట్టింగ్స్‌లో స్టోరేజ్ అండ్ డేటా తెరిచి, మీడియా ఆటో డౌన్‌లోడ్ మొత్తం ఆపెయ్యండి. మొబైల్ డేటాకీ, వైఫైకీ విడివిడిగా ఆపాలి, చాలామంది ఒకటే ఆపి ఊరుకుంటారు. ఒక్కో గ్రూపులోకి వెళ్లి మీడియా విజిబిలిటీ తీసేస్తే ఇకమీద వచ్చే ఫోటోలు గ్యాలరీలో కనపడవు. మీ ఎకో రిపోర్టుకి అడ్డం పడినవి అవే.

తరవాత అక్కడే మేనేజ్ స్టోరేజ్ అని ఉంటుంది. 5 ఎంబీ దాటినవి, ఎక్కువసార్లు ఫార్వర్డ్ అయినవి విడిగా చూపిస్తుంది. వాటితో మొదలుపెడితే చెయ్యి నొప్పెట్టకుండా సగం బరువు దిగుతుంది.

మెయిల్ సంగతి. గూగుల్ ఉచితంగా ఇచ్చేది 15 జీబీ. జీమెయిల్, డ్రైవ్, ఫోటోలు మూడూ అందులోనే. 2021 జూన్ 1కి ముందు హై క్వాలిటీలో ఎక్కించిన ఫోటోలు లెక్కలోకి రావు, ఆ తరవాతవి వస్తాయి. ఆండ్రాయిడ్‌లో వాట్సాప్ బ్యాకప్ కూడా ఇప్పుడు ఆ 15లోనే పడుతోంది. అందుకే ఉన్నట్టుండి "నిండిపోయింది, డబ్బు కట్టండి" అని వస్తుంది. కంప్యూటర్లో జీమెయిల్ తెరిచి, సెర్చ్ పెట్టె చివరున్న గుర్తు నొక్కి, సైజు పది ఎంబీ పైన అని పెడితే లావుపాటి మెయిళ్లన్నీ ఒకచోటికి వస్తాయి. తొమ్మిది వేలూ చదవాలనుకోకండి. చదవని మెయిలు అప్పు కాదు.

ఒక్క జాగ్రత్త మాత్రం గట్టిగా చెప్తున్నాను. గూగుల్ ఫోటోస్‌లో బ్యాకప్ అయిన ఫోటోని ఫోన్లో డిలీట్ కొడితే ఆన్‌లైన్లో ఉన్న కాపీ కూడా పోతుంది. ఫోన్లో జాగా మాత్రమే కావాలంటే "ఫ్రీ అప్ స్పేస్" వాడాలి. తెలియక చెరిపేసుకుని ఏడుస్తూ వచ్చినవాళ్లని చూశాను. బ్యాకప్ అయినవైతే బిన్‌లో 60 రోజులుంటాయి, ఆ లోపు వస్తే తీసివ్వగలం.

డాబాగార్డెన్స్_పాత_స్టూడియో (బుధవారం, మధ్యాహ్నం 2:30)

ముప్ఫై ఏళ్లు ఫోటో స్టూడియో నడిపాను. మా రోజుల్లో రీలుకి 36 ఫోటోలు. పెళ్లికి పది రీళ్లు తీసుకెళ్తే అదే గొప్ప. బటన్ నొక్కేముందు మనిషి ముఖం వంక చూసేవాళ్లం, ఇప్పుడు నొక్కాక కూడా చూడటం లేదు. తప్పు పట్టడానికి అనడం లేదమ్మా. ఎంచుకోవడం అనే పని మధ్యలోంచి తప్పుకుంది, మిగతా ఇబ్బందంతా అక్కణ్ణుంచి వచ్చిందే అని నా నమ్మకం.

2014 అక్టోబరు 12, ఆదివారం, హుద్‌హుద్ తుపాను. మా స్టూడియో రేకు లేచిపోయింది. నెగెటివ్‌ల పెట్టెలు నీళ్లలో నానిపోయాయి. కరెంటు లేదు, సిగ్నల్ లేదు, కొన్నాళ్లపాటు ఊరంతా చీకటే. అప్పుడు జనం నా దగ్గరికొచ్చి ఏం అడిగారో తెలుసా? పెళ్లి ఆల్బమ్ మొత్తం ఎవరూ అడగలేదు. "మా నాన్నగారిది ఆ ఒక్క ఫోటో ఉందాండీ" అనేవారు. ఎవరికైనా ఒకటి, రెండు, మహా అయితే అయిదు.

అప్పట్నుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాను. నెల చివర నేనూ మా ఆవిడా కూర్చుని 36 ఫోటోలు ఏరుతాం. ఏరినవి హార్డ్ డిస్కులోకి, ఆన్‌లైన్లోకి, రెండు చోట్లకీ. ఏడాదికోసారి కొన్ని ప్రింటు వేయిస్తాను. మిగిలినవాటిని చెరిపే తొందరేం లేదు, వాటిమీద బెంగ మాత్రం తగ్గింది. ఆ గంటసేపు మా ఇద్దరికీ మంచి కాలక్షేపం కూడా. మనవడి ఫోటో ఏది ఉంచాలన్న దగ్గర వాదనలు కూడా అవుతాయి.

గాజువాక_సీ_షిఫ్టు (గురువారం, ఉదయం 7:05)

ఇప్పుడే డ్యూటీ దిగి వచ్చాను. మాది శ్రీకాకుళం వైపు, ఇరవై ఏళ్లుగా ఇక్కడ షిఫ్టులే. సీ షిఫ్టు చేసినోడికి రాత్రంటే పగలు. నేను పడుకునే టైముకి గ్రూపులు లేస్తాయి. శుభోదయాలు, చీటీపాట, అపార్టుమెంటులో నీళ్ల మోటారు, ఊళ్లో గుడి కమిటీ. గంటకోసారి లేచి చూసేవాణ్ణి. డ్యూటీలో కళ్లు మూతలు పడేవి. మా పనిలో కళ్లు మూతపడితే ఏటౌతాదో చెప్పక్కర్లేదు.

సైలెంట్‌లో పెడదామంటే ఊళ్లో అమ్మ ఒక్కర్తే ఉంటాది. అర్ధరాత్రీ అపరాత్రీ ఏదైనా అయితే ఎలగ? ఆ భయంతో ఏళ్లపాటు ఫోను తలగడ కిందే పెట్టుకున్నాను. మా మేనల్లుడు చూపించాడు, ఆండ్రాయిడ్‌లో డు నాట్ డిస్టర్బ్ పెట్టినా స్టార్ గుర్తు పెట్టిన నంబర్లకి దారి వదలొచ్చట. అమ్మ, అమ్మ పక్కింటి పిన్ని, మా ఆవిడ, షిఫ్టు ఇన్‌ఛార్జి, నలుగురే. ఇంకోటి కూడా ఉంది. పదిహేను నిమిషాల్లో అదే నంబరు నుంచి రెండోసారి కాలొస్తే మోగుతాది. ఆ సంగతి ఇంట్లో వాళ్లందరికీ చెప్పాను, నిజంగా అవసరమైతే రెండుసార్లు చెయ్యండి అని. ఇప్పుడు ఫోను హాల్లో పెట్టి పడుకుంటున్నాను, వరసగా అయిదు గంటలు నిద్ర పడతాంది. గ్రూపుల్లోంచి బయటికి రాలేదు. వచ్చేస్తే ఊళ్లో మాటొస్తాది. అన్నీ మ్యూట్ చేసి ఆర్కైవ్‌లో పడేశాను, ఎవరికీ తెలీదు, ఎవరికీ కోపం లేదు.

కంచరపాలెం_టీచరు (గురువారం, రాత్రి 9:20)

పైన రాసినవన్నీ పనికొచ్చేవే. కానీ కోడలమ్మ రాసింది రెండుసార్లు చదివాను. ఆవిడ అడిగింది ఫోను గురించి మాత్రమే కాదు కదా? అలిసిపోయిన మనిషికి "ముందు ఇది చెరుపు, తరవాత అది సర్దు" అని ఇంకో పనుల చిట్టా ఇస్తున్నాం. అంట్లు, బట్టలు, పాప చదువు, అత్తయ్యగారి మందులు, ఆపైన 22,000 ఫోటోలు. ఇంట్లో ఇంకెవరూ లేరా?

నాకు జరిగింది చెప్తాను. నేను పనిచేసే చోట రాత్రి పదిన్నరకి కూడా గ్రూపులో లెక్కలు అడిగేవారు. ఎన్ని ఫోటోలు పెట్టారు, ఎంతమంది వచ్చారు, ఫారం నింపారా. పాఠం చెప్పడమంటే ప్రాణం నాకు. అలాంటిది ఒకరోజు తరగతిలో పిల్లవాడు లెక్క సరిగ్గా చేసి చూపిస్తే నాకేమీ అనిపించలేదు. సంతోషం లేదు, చిరాకూ లేదు. అప్పుడు భయపడ్డాను. ఫోన్లో యాప్‌లు తీసేశాను, మెయిళ్లు శుభ్రం చేశాను, వారం రోజులు బాగున్నట్టు అనిపించి మళ్లీ మొదటికొచ్చింది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్నౌట్‌ని తన వ్యాధుల వర్గీకరణలో నిర్వచించింది. జబ్బుగా కాదు, పనిచోట ఎడతెగని ఒత్తిడిని సరిగా పట్టించుకోకపోతే వచ్చే స్థితిగా. మూడు గుర్తులు చెప్పింది: ఒంట్లో శక్తి హరించుకుపోవడం, చేసే పని మీద మనసు విరగడం, ఇదివరకటిలా చెయ్యలేకపోతున్నానని అనిపించడం. మొదటి రెండూ నాకు అద్దంలో చూసుకున్నట్టు ఉన్నాయి. అంటే వైద్యం కావాల్సింది ఫోనుకి కాదు, పని జరిగే తీరుకి. మేం ఆరుగురం టీచర్లం కలిసి పైవాళ్లతో కూర్చున్నాం. ఒక్కర్తే అడిగితే ఫిర్యాదు అవుతుంది, ఆరుగురం అడిగితే విన్నపం అయింది. రాత్రి ఎనిమిది దాటాక వచ్చే సందేశాలకి మర్నాడు పొద్దున్న జవాబివ్వడానికి ఒప్పుకున్నారు. పూర్తిగా ఆగలేదు, చాలా తగ్గింది.

నిద్ర పట్టక, ఏడుపొస్తుంటే దాచుకోకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416, ఏ వేళైనా ఉచితం, తెలుగులో మాట్లాడతారు. చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది, ఓపీకి వెళ్లొచ్చు. ఆ పేరు చెప్తే మన ఊళ్లో ఇప్పటికీ గొంతు తగ్గిస్తారు. నేను తగ్గించను, నేను వెళ్లాను.

మధురవాడ_కోడలు (శనివారం, రాత్రి 10:50)

టీచరుగారూ, "ఇంట్లో ఇంకెవరూ లేరా" అన్న మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ఉన్నారు. మా ఆయనకి ఈ చర్చంతా చదివి వినిపించాను. ఆయన ముందు "నీ ఫోను నువ్వే కదా సర్దుకోవాలి" అన్నారు. స్కూలు గ్రూపులో, అపార్టుమెంటు గ్రూపులో, గ్యాస్ బుకింగ్‌లో, అత్తయ్యగారి లాబ్‌లో, అన్నిచోట్లా ఇచ్చింది నా నంబరే అని చూపించాను. ఆయనకి నిజంగా తెలియదు. నాకూ అప్పటిదాకా అలా తోచలేదు.

మూడు పనులు చేశాం. స్కూలు గ్రూపులోకి ఆయన చేరారు, నేను బయటికొచ్చాను. మొదటిరోజే రంగు చొక్కా రోజని చూడకుండా పాపని యూనిఫామ్‌లో పంపారు. నేను ఏమీ అనలేదు, కష్టంగానే ఆపుకున్నాను. మర్నాటి నుంచి తానే చూస్తున్నారు. రెండోది, అత్తయ్యగారి రిపోర్టులు. పూర్ణా మార్కెట్లో ఒక ప్లాస్టిక్ ఫైలు కొని, లాబ్ నుంచి అన్నీ మళ్లీ ప్రింటు తీయించి, తేదీలవారీగా పెట్టి బీరువా పక్కన మేకుకి తగిలించాం. స్కాన్ కాపీలు డిజీలాకర్‌లో ఆవిడ పేరు మీదే ఎక్కించాం. ఇప్పుడు ఆవిడకే తెలుసు ఏది ఎక్కడుందో. మూడోది కౌంటర్ అన్నగారు చెప్పిన కుళాయి. కట్టేశాం. పాత ఫోటోల జోలికి ఇంకా పోలేదు.

ఆఫీసు సంగతి మాత్రం అలాగే ఉంది. ఆరుగురిని పోగెయ్యాలి.

సీతమ్మధార_అమ్ములు (ఆదివారం, ఉదయం 8:10)

ఒక్క మాట చెప్పాలని రాస్తున్నాను. పోయిన ఏడాది నేనూ ఇలాగే అంతా శుభ్రం చెయ్యాలని ఒక రాత్రి కూర్చుని పాత చాట్లన్నీ క్లియర్ కొట్టేశాను. తేలికైనట్టు అనిపించింది. పొద్దున్న గుర్తొచ్చింది, నాన్నగారి చాట్ కూడా అందులోనే ఉందని. ఆయన పోయి అప్పటికి మూడేళ్లు. "అమ్ములూ, కాంప్లెక్స్ దగ్గర దిగావా, ఆటో ఎక్కావా" అని పంపిన వాయిస్ మెసేజ్‌లు. పదకొండో పన్నెండో ఉండేవి. పాత బ్యాకప్ మీద కూడా ఆ రాత్రే కొత్తది పడిపోయింది. ఫోటోలు మా అన్నయ్య దగ్గర ఉన్నాయి, గొంతు మాత్రం ఎవరి దగ్గరా లేదు. అలిసిపోయి ఉన్నప్పుడు చెరపకండి. అర్ధరాత్రి అసలే వద్దు.

గాజువాక_సీ_షిఫ్టు (ఆదివారం, మధ్యాహ్నం 12:30)

అమ్ములమ్మా, చదివి మనసు ఏదోలా అయిపోయింది. మా అమ్మ కూడా వాయిస్‌లే పంపుతాది, రాయడం రాదు. అవి పోకుండా ఏటి చెయ్యాలో ఎవరైనా చెప్పండి.

జగదాంబ_మొబైల్_కౌంటర్ (ఆదివారం, మధ్యాహ్నం 1:15)

ఆ వాయిస్ మీద వేలు నొక్కి పట్టుకుంటే పైన స్టార్ గుర్తు వస్తుంది, అది నొక్కండి. చాట్ క్లియర్ చేసేటప్పుడు స్టార్ ఉన్నవి కూడా తీసెయ్యాలా అని అడుగుతుంది, అక్కడ టిక్ ఉంటే తీసెయ్యండి. కానీ స్టార్‌నే నమ్ముకోవద్దు, ఫోను పోతే అదీ పోతుంది. అలాగే నొక్కి పట్టుకుని షేర్ కొట్టి డ్రైవ్‌లోకో, మీ మెయిల్‌కో పంపుకోండి. పేరు మార్చి "అమ్మ, సంక్రాంతి ముందు" అని తేదీతో పెట్టుకోండి, లేకపోతే రేపు వెతుక్కోవాలి. చాతకాకపోతే డ్యూటీ లేని రోజు కౌంటరుకి తీసుకురండి, కూర్చుని చేసిపెడతాను. డబ్బులేమీ వద్దు.

గాజువాక_సీ_షిఫ్టు (ఆదివారం, మధ్యాహ్నం 1:40)

గురువారం ఆఫ్ ఉంది. వస్తాను.