ఛానలింగ్‌ను తెలుగులో ఏమందాం?

ప్రశ్న (అమలాపురం): డిగ్రీ ఫిజిక్స్ పాఠం ఒకటి తెలుగులో రాస్తున్నానండి. వేగంగా వచ్చిన ప్రోటాన్ స్ఫటికంలో పరమాణువుల వరసల మధ్యకు సరిగ్గా దూరితే, మామూలు కంటే తక్కువ శక్తి పోగొట్టుకుని దాటిపోతుంది. ఛానలింగ్ అంటే అదే. "కాలువీకరణ" అని రాశాను గానీ నోరు తిరగడం లేదు. ఇంకో మాట చెప్పండి.

జవాబు (రాజోలు): కాలువీకరణ వద్దు మాస్టారూ, తెలుగు మాటకి ఆ తోక అతకదు. ధవళేశ్వరం ఆనకట్ట కాలువల కింద పెరిగినవాళ్లం కాబట్టి మనకు ముందు కాలువే తడుతుంది. అయితే ఎలక్ట్రాన్ దగ్గర ఆ మాట తేలిపోతుందండి. ప్రోటాన్‌ది ధనావేశం. కేంద్రకాలు దాన్ని రెండు పక్కల నుంచీ నెట్టేస్తాయి కాబట్టి వరసల నడుమనే పోతుంది. అక్కడ ఎలక్ట్రాన్లు పలచగా ఉంటాయి, ఢీకొనడం తక్కువ. బాగా కుదిరితే శక్తి నష్టం సగానికి కూడా పడిపోవచ్చు. ఎలక్ట్రాన్‌ను మాత్రం కేంద్రకాలు లాక్కుంటాయి. అది వరసనే అంటిపెట్టుకుని పోతుంది, దెబ్బలు ఎక్కువ తింటుంది. ఒకటి నడుమ, ఒకటి వరస మీద! అందుకే నేను "సాలు పట్టడం" అంటాను. నాగలి తీసిన చాలూ సాలే, మొక్కల వరసా సాలే. రెండూ ఒక్క మాటలో ఇముడుతాయి.

జవాబు (నరసాపురం): మరి వంచిన స్ఫటికం సంగతేంటండీ? 1976లో సోవియట్ భౌతిక శాస్త్రవేత్త సిగనోవ్ చెప్పింది అదే కదా, స్ఫటికాన్ని వంచితే లోపల పోయే కణాలూ వంపు తిరుగుతాయని. జెనీవా దగ్గరి సెర్న్ ప్రయోగశాలలో, ఎల్‌హెచ్‌సీ అనే పెద్ద కణ త్వరణ యంత్రంలో, సీసం అయాన్ల కిరణం అంచుల్లో దారి తప్పిన కణాలను వంచిన సిలికాన్‌తోనే పక్కకు మళ్లిస్తున్నారు. మళ్లించడం కాలువ పనే కదండీ.

జవాబు (రాజోలు): గట్టు వంపు తిరిగినచోట సాలూ తిరుగుతుందండి. మాస్టారూ, పాఠంలో ఇంకో మాట కూడా కావాలి మీకు. 1965లో డెన్మార్క్ భౌతిక శాస్త్రవేత్త లిండ్‌హార్డ్ ఇచ్చిన సిద్ధాంతం ప్రకారం కణం ఒక కోణం మించి ఏటవాలుగా వస్తే వరసల మధ్య నిలవదు. శక్తి నాలుగింతలైతే ఆ కోణం సగమవుతుంది. దాన్ని "సంధి కోణం" అని రాయకండి, పిల్లలు వ్యాకరణం అనుకుంటారు. "సాలు కోణం" అంటే చాలు.

ప్రశ్న అడిగినవారు: సాలు కోణం బాగుందండీ. "సాలు పట్టడం" శీర్షికలో పెట్టి, పక్కన ఛానలింగ్ కూడా ఉంచుతాను, పరీక్ష పేపర్లో ఆ మాటే వస్తుంది కాబట్టి.