ఒంగోలులో పాలస్తీనా సంఘీభావ కమిటీ: ఎక్కడ మొదలుపెట్టాలి, ఎవరిని కలుపుకోవాలి?

కొత్తపట్నం_రోడ్డు:
అందరికీ నమస్కారం. ఒంగోలులో టీచర్ల సంఘం, బీమా ఉద్యోగులు, రెండు విద్యార్థి సంఘాలు, ఒక మసీదు కమిటీ, ఇద్దరు పాస్టర్లు, కొందరు రొయ్యల రైతులు కలిసి విదేశాంగ విధానం మీద ఒక వేదిక పెట్టాలనుకుంటున్నాం. గాజాలో శాశ్వత కాల్పుల విరమణ, అక్కడి జనానికి తిండీ మందులూ అందడం మా ముఖ్య విషయం. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద వేసిన 50 శాతం సుంకం గురించి కూడా మాట్లాడాలని రైతులు అడుగుతున్నారు. కన్వీనర్‌గా ఎవరిని పెట్టాలి? కలెక్టరేట్ ముందు ధర్నాతో మొదలుపెట్టొచ్చా? పర్మిషన్లు, చందాల విషయంలో ఏం చూసుకోవాలి? అనుభవం ఉన్నవాళ్లు వివరంగా చెప్పండి.

ట్రంకురోడ్డు:
కమిటీ పేరు, లెటర్‌హెడ్ పక్కన పెట్టి ముందు డిమాండ్లు కాగితం మీద రాయండి. మూడు వాక్యాలు దాటొద్దు. చేరే ప్రతి సంఘమూ ఆ కాగితం మీద సంతకం చేయాలి. "సామ్రాజ్యవాద వ్యతిరేక వేదిక" అని పెట్టారనుకోండి, మసీదు కమిటీ పెద్దలు, పాస్టర్లు మొదటి మీటింగుకి వస్తారు, రెండోదానికి రారు. ఉక్రెయిన్, చైనా, బంగ్లాదేశ్ విషయాల్లో మీలో మీకే పడదు. ఆ తగాదాలకి ఈ కమిటీలో చోటు లేదని ముందే రాసుకోవాలి. ఎవరి అభిప్రాయం వాళ్ల సొంత జెండా కింద చెప్పుకోవచ్చు.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు పట్టుకున్నది ఒక్క మాట: మా ఊళ్లో సారా వద్దు. అందుకే అన్ని రకాల సంఘాలూ దాని వెనక నిలబడగలిగాయి. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా ఆగింది. వాళ్లు డిమాండు పెంచుకుంటూ పోయుంటే అంతమంది నిలిచేవాళ్లు కాదని నా గట్టి నమ్మకం.

ఇక కలెక్టరేట్ సంగతి. విదేశీ వ్యవహారాలు కేంద్ర జాబితాలోవి. ప్రకాశం భవన్‌లో ఇచ్చిన వినతిపత్రాన్ని పైకి పంపడం తప్ప కలెక్టరు చేయగలిగింది లేదు. కోర్టు దారి కూడా అంతే. ఇజ్రాయెల్‌కి ఆయుధాల ఎగుమతి ఆపాలన్న పిటిషన్‌ని సుప్రీంకోర్టు 2024 సెప్టెంబరు 9న కొట్టేసింది, విదేశాంగ విధానం ప్రభుత్వం చూసుకోవాల్సిందని చెప్పింది. కాబట్టి మీరు వెళ్లాల్సింది ఎంపీ దగ్గరికి. ఇక్కడే చాలామంది పొరబడేది ఒకటుంది: చీమకుర్తి, సంతనూతలపాడు జనం ఒంగోలు ఎంపీకి ఓటెయ్యరు, వాళ్లది బాపట్ల లోక్‌సభ. అందుకని సంతకాలు నియోజకవర్గాల వారీగా విడి కట్టలుగా కట్టండి. ఎవరి ఓటర్ల కట్ట వాళ్ల ఎంపీకి ఇవ్వండి.

ఎంపీకి ఒట్టి వినతిపత్రం ఇస్తే ఫొటో దిగి పక్కన పెడతారు. పార్లమెంటులో అడగడానికి వీలుగా ప్రశ్న తయారుచేసి ఇవ్వండి. లోక్‌సభలో ప్రశ్న మామూలుగా 150 పదాలు దాటకూడదు. నోటీసు కనీసం 15 రోజుల ముందు వెళ్లాలి. ఉదాహరణకి ఇలా:

"2025 జూన్ 12న ఐక్యరాజ్య సమితి సర్వసభ్య సభలో గాజా కాల్పుల విరమణ తీర్మానంపై ఓటింగుకు భారత్ దూరంగా ఉండటానికి కారణాలేమిటి? 2023 అక్టోబరు తర్వాత గాజాకు పంపిన సహాయ సామగ్రి వివరాలేమిటి?"

ఇలాంటి ప్రశ్నకి విదేశాంగ శాఖ జవాబు ఇస్తే అది రికార్డులో ఉంటుంది, దాన్ని పట్టుకుని తర్వాతి కరపత్రం రాసుకోవచ్చు. ఐక్యరాజ్య సమితిలో భారత్ ఓట్ల చరిత్ర, కమిటీలో కనీసం నలుగురికి నోటికి రావాలి. 2023 అక్టోబరు 27న భారత్ ఓటెయ్యలేదు, అదే ఏడాది డిసెంబరు 12న కాల్పుల విరమణకి అనుకూలంగా ఓటేసింది, 2025 జూన్‌లో మళ్లీ దూరంగా ఉంది, సెప్టెంబరు 12న రెండు దేశాల పరిష్కారం తీర్మానాన్ని సమర్థించింది. ఇన్నిసార్లు అటూ ఇటూ మారిందంటే అడిగితే మారుతుందనే కదా.

పెన్న_గట్టు (నెల్లూరు):
పై జవాబులో చర్చిల సంగతి రాలేదు. మన రెండు జిల్లాల్లో ఇదే అసలు చిక్కు. చాలా క్రైస్తవ సంఘాల్లో ఇజ్రాయెల్ అనగానే బైబిల్లోని ఇజ్రాయెల్ గుర్తొస్తుంది, దాన్ని ఆశీర్వదించాలన్న మాట గుర్తొస్తుంది. ఆ విశ్వాసం మీద వాదనకి దిగితే ఆ రోజుతో పాస్టరుగారు దూరమవుతారు. బెత్లెహేము ఈరోజు పాలస్తీనా ప్రాంతమైన వెస్ట్ బ్యాంక్‌లో ఉందని, అక్కడ పాలస్తీనా క్రైస్తవులు ఉన్నారని చెప్పండి. గాజాలో సెయింట్ పోర్ఫీరియస్ చర్చి ఆవరణ మీద 2023 అక్టోబరు 19న బాంబు పడింది. గాజాలో ఉన్న ఒకే ఒక్క కేథలిక్ చర్చి హోలీ ఫ్యామిలీ మీద 2025 జులై 17న దాడి జరిగింది. ఈ రెండు చర్చిల పేర్లు చెప్పి ప్రార్థనలో తలచుకోమని అడగండి చాలు. సంతకం సంగతి తర్వాత అడగొచ్చు.

మీటింగు శుక్రవారం మధ్యాహ్నం, ఆదివారం పొద్దున పెట్టొద్దు. మొహర్రం రోజుల్లో, నెల్లూరు రొట్టెల పండుగ రోజుల్లో అసలు వద్దు, పోలీసులంతా అక్కడే ఉంటారు, పర్మిషన్ రాదు. హమాస్ బందీలుగా పట్టుకున్న పౌరుల గురించి ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. పౌరుల ప్రాణం ఎక్కడైనా ఒకటేనని డిమాండ్ల కాగితంలోనే ఒక వాక్యం ఉంటే కన్వీనర్ తడుముకోవాల్సిన పని ఉండదు.

ప్లీడర్_ఒంగోలు:
కన్వీనర్‌గా సర్వీసులో ఉన్న టీచరుని పెట్టకండి. 1964 ప్రవర్తనా నియమావళి ప్రకారం ప్రభుత్వ ఉద్యోగి ప్రభుత్వ విధానాన్ని బహిరంగంగా విమర్శించకూడదు, విదేశాలతో సంబంధాలకు ఇబ్బంది కలిగించే మాటలు మాట్లాడకూడదు. మైకు ముందు మాట్లాడిన వీడియో ఒక్కటి చాలు, మెమో వస్తుంది. రిటైరైనవాళ్లో, లాయర్లో కన్వీనర్‌గా ఉండాలి. పార్టీ పదవిలో ఉన్నవాళ్లు కూడా వద్దు. ఇద్దరు కో-కన్వీనర్లలో ఒకరు మహిళ, ఇద్దరూ వేర్వేరు సంఘాల వాళ్లయితే మంచిది.

పర్మిషన్: సభలు, ఊరేగింపుల మీద ఆంక్షలు పెట్టే సెక్షన్ 30 పోలీస్ యాక్ట్ అమల్లో ఉందో లేదో ముందు కనుక్కోండి. వారం ముందే డీఎస్పీ ఆఫీసులో దరఖాస్తు ఇవ్వండి. తేదీ, టైము, ఏ సెంటర్ నుంచి ఏ సెంటర్ దాకా, ఎంతమంది, మైకు వాడతారా, ఏ జెండాలు పట్టుకుంటారు, బాధ్యుల ఫోన్ నంబర్లు, అన్నీ అందులోనే రాయాలి. జెరాక్స్ మీద రిసీవ్డ్ ముద్ర వేయించుకోకుండా మాత్రం రావద్దు. 200 మంది వస్తారనుకుంటే 200 అనే రాయండి. 2,000 అని గొప్పకి రాస్తే ట్రాఫిక్ పేరు చెప్పి కుదరదంటారు. నినాదాలు ముందే టైపు చేసి ఇద్దరి చేతికే ఇవ్వండి. వరసలో ఎవరో ఒకరు ఆవేశంలో ఒక మతం మీద అరిస్తే బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత) సెక్షన్ 196 కింద కేసు కన్వీనర్ మీదికి కూడా రావొచ్చు.

చందాలు: అమెరికాలో ఉన్న మనవాళ్లు డబ్బు పంపుతామంటారు. భారతీయ పాస్‌పోర్టు ఉన్నవాళ్లు సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే ఓసీఐ కార్డు (భారత సంతతి విదేశీ పౌరులకి ఇచ్చేది) ఉన్నా సరే అది విదేశీ విరాళమే, ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) కిందకు వస్తుంది. పాస్‌పోర్టు అడగడం మొహమాటంగా ఉంటే బయటి డబ్బు మొత్తానికే వద్దనుకోండి. ఎవరి సొంత ఫోన్‌పేలోనూ చందా వేయించకండి. రసీదు పుస్తకం, ఇద్దరి సంతకాలతో నడిచే ఖాతా ఉండాలి. గాజాకి పంపుతామని చెప్పి ఇక్కడ డబ్బు పోగు చేయడం మొదటి ఏడాది అసలు వద్దు.

విద్యార్థుల విషయం ఇంకోటి. 2025 జూన్ నుంచి అమెరికా స్టూడెంట్ వీసాకి సోషల్ మీడియా ఖాతాలు పబ్లిక్‌గా పెట్టమంటున్నారు. పిల్లల్ని అడగకుండా ఫొటోల్లో ట్యాగ్ చేయొద్దు. సంతకాల ఫారంలో పేరు, ఊరు, మండలం, సంతకం చాలు. ఫోన్ నంబర్ల పుస్తకం విడిగా ఒకరి దగ్గరే ఉండాలి.

కొత్తపట్నం_రోడ్డు:
అందరికీ ధన్యవాదాలు. మరి రొయ్యల రైతుల్ని ఏం చేయమంటారు? సుంకం డిమాండు కూడా కలిపేద్దామా?

ట్రంకురోడ్డు:
నా మాట, కలపొద్దు. 30 కౌంట్ (కిలోకి 30 తూగే) రొయ్య ధర లేచిన రోజు వాళ్లు చెరువుల దగ్గరికి వెళ్లిపోతారు, అందులో తప్పు లేదు. కానీ మీ కమిటీలో సగం ఖాళీ అవుతుంది. వాళ్లకి విడి కరపత్రం, విడి వినతిపత్రం ఉండాలి. ఆ రోజు మీరు వాళ్ల పక్కన నిలబడండి.

పెన్న_గట్టు (నెల్లూరు):
నేనైతే కలపమంటాను. రైతులు లేకపోతే ప్రతి మీటింగుకీ అవే 40 మొహాలు. రష్యా చమురు కొంటున్నామని 2025 ఆగస్టు 27 నుంచి అదనంగా 25 శాతం వేశారు కదా, విదేశాంగ విధానం చెరువు గట్టు దాకా ఎలా వస్తుందో ఆ రైతు చెప్పినట్టు మనం చెప్పలేం. డిమాండ్ల కాగితంలో చేర్చకపోయినా ప్రతి సభలో రైతుకి పది నిమిషాలు మైకు ఇవ్వండి. మిగతా వక్తలకి ఏడు నిమిషాలు, మొత్తం ఆరుగురు మించకుండా చూసుకోండి. పన్నెండు మందిని పిలిస్తే చివరి నలుగురు ఖాళీ కుర్చీలకి మాట్లాడతారు.

తేదీ కోసం చూస్తుంటే నవంబరు 29 ఉంది, పాలస్తీనా ప్రజలకు అంతర్జాతీయ సంఘీభావ దినం. శీతాకాల పార్లమెంటు సమావేశాలు కూడా అటూ ఇటుగా అప్పుడే మొదలవుతాయి. ఎంపీకి ప్రశ్న అక్టోబరు నెలాఖరులోపే అందాలి, సంతకాలు దసరా సెలవులు అయిపోగానే కాలేజీల్లో మొదలుపెట్టాలి.